మొదటి రోడ్ బైక్: కొలత, పళ్లు, ముళ్లు

2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. పన్ను కలపకముందు 50,000 రూపాయలుండే సైకిలుకు అంతకుముందు 56,000 కట్టాల్సొచ్చేది, ఇప్పుడు 52,500. మిగిలిన 3,500తో ఒక హెల్మెట్టు, ఒక నిలువు పంపు వచ్చేస్తాయి. ఎప్పటినుంచో వాయిదా వేస్తున్నవాళ్లకు ఇదొక మంచి సాకు. కానీ షాపులో అడుగుపెట్టగానే మొదలయ్యే అయోమయం పన్ను తగ్గితే తగ్గేది కాదు. ఒకటి 28,000. పక్కనే అదే రంగు, అదే వంపు హ్యాండిలు ఉన్నది 58,000. పైన గోడకు వేలాడుతున్నది లక్షా నలభై వేలు. తేడా ఏమిటని అడిగితే మామూలుగా వచ్చే జవాబు: గేర్లెక్కువ, బరువు తక్కువ, బ్రాండు పెద్దది.

ఇందులో అబద్ధమేమీ లేదు. అయితే ఆరు నెలలు తిరిగేసరికి ఆ సైకిలు బాల్కనీలో తువ్వాళ్లు ఆరేసుకునే దండెమవుతుందా, వారానికి నాలుగు పొద్దులు రోడ్డెక్కుతుందా అన్నది తేల్చేవి వేరే ఉన్నాయి. ఒంటికి సరిపోయే కొలత, మిట్ట ఎక్కించే చివరి గేరు, మన రోడ్ల పక్క ముళ్లను తట్టుకునే టైరు. ధర చీటీ మీద ఈ మూడింటిలో ఏదీ రాసి ఉండదు.

రోడ్ బైక్ అని దేన్నంటారు

"గేర్ సైకిల్" అనే ఒక్క మాట కింద మన దగ్గర నాలుగు జాతులు అమ్ముడవుతున్నాయి. లావు టైర్లు, ముందు ఫోర్కులో స్ప్రింగు, అడ్డంగా తిన్నటి హ్యాండిలు ఉంటే మౌంటెన్ బైక్. తిన్నటి హ్యాండిలు అలాగే ఉంచి సన్నటి టైర్లు వేస్తే హైబ్రిడ్. హ్యాండిలు పొట్టేలు కొమ్ముల్లా కిందికి తిరిగి, టైరు 25 నుంచి 32 మిల్లీమీటర్ల మధ్య ఉండి, స్ప్రింగులేవీ లేకపోతే అది రోడ్ బైక్. అదే కొమ్ముల హ్యాండిలుకు 38, 40 మిల్లీమీటర్ల టైరు తొడిగితే గ్రావెల్ బైక్.

ఆ కొమ్ములు సోకు కోసం పెట్టినవి కావు. చదును రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంలో తొక్కేవాడి బలంలో నాలుగింట మూడొంతుల పైన గాలిని చీల్చడానికే పోతుంది. గాలి కోసం పెట్టాల్సిన బలం వేగంతో పాటు పెరగదు, దాని ఘనంతో పెరుగుతుంది. వేగం రెట్టింపయితే ఎనిమిది రెట్లు కావాలి. అందుకే ఒంటిని కాస్త వంచి, మోచేతులు దగ్గరకు లాక్కుంటే తేడా వెంటనే తెలుస్తుంది. దీనికి రెండో వైపు కూడా ఉంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో తిరుపతి గాంధీ రోడ్డుకెళ్లి కూరగాయలు తెచ్చుకునే పనికి ఈ వంపు వల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. స్టాండు ఉండదు, చాలావాటికి క్యారియరు బిగించే రంధ్రాలుండవు, ట్రాఫిక్కులో తలెత్తి చూడ్డం కష్టం.

హైబ్రిడ్ చాలు అనేవాళ్ల వాదన ఇక్కడే బలంగా ఉంది. వాళ్లు చెప్పేది తప్పు కాదు. రోజూ 10, 15 కిలోమీటర్లు ఊళ్లోనే తిరిగేవాళ్లకు రోడ్ బైక్ అనవసరపు ఖర్చు. దూరం పెరిగే కొద్దీ లెక్క తారుమారవుతుంది. తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి వెళ్లిరావడం 75 కిలోమీటర్ల దరిదాపు. అదే శ్రమకు హైబ్రిడ్ మీద సగటున 20, రోడ్ బైక్ మీద 23 వచ్చిందనుకుందాం. మొదటిదానికి మూడుమ్ముప్పావు గంట, రెండోదానికి మూడుంబావు. అరగంటే కదా అనిపిస్తుంది. పొద్దున ఐదున్నరకు బయల్దేరినవాళ్లకు ఏప్రిల్ నెలలో ఆ చివరి అరగంట ఎంత పొడుగో రేణిగుంట దాటాక తెలుస్తుంది. పైగా తిన్నటి హ్యాండిలు మీద చేతులు పెట్టేది ఒక్కచోటే. రోడ్ బైక్‌లో పైన అడ్డపట్టీ, బ్రేకు లీవర్ల మీది బుడిపెలు, కింది కొమ్ములు కలిపి మూడు చోట్లుంటాయి. రెండు గంటలు దాటిన ప్రయాణంలో మణికట్టును కాపాడేది ఈ మార్పే.

రోడ్ బైకుల్లోనూ రెండు రకాలున్నాయి. పోటీల కోసం చేసినవాటిలో హ్యాండిలు సీటు కంటే బాగా కిందుంటుంది. ఎండ్యూరెన్స్ అని పిలిచేవాటిలో హ్యాండిలు పైకి, దగ్గరగా ఉంటుంది. మొదటిసారి కొనేవాళ్లలో ఎక్కువమందికి, ముఖ్యంగా పగలంతా కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్ల నడుముకు, రెండోదే నప్పుతుంది.

కొలత: అంగుళాల గందరగోళం

షాపులో వినబడే 26, 27.5, 29, 700సి అన్న అంకెలు చక్రాల కొలతలు. మనిషికి సైకిలు సరిపోతుందా లేదా అన్నదానికి వాటితో సంబంధం లేదు. పెద్దవాళ్ల రోడ్ బైకులన్నీ దాదాపు 700సి చక్రాలతోనే వస్తాయి. మనిషి కొలత ఫ్రేములో ఉంటుంది: 50, 52, 54 అని సెంటీమీటర్లలోనో, స్మాల్, మీడియం, లార్జ్ అనో రాస్తారు.

పాలవాళ్ల పాత నల్ల సైకిలు చక్రాన్ని కూడా 28 అంగుళాలంటారు, 700సి టైరు మీద కూడా 28 అని రాసి ఉంటుంది. రెండూ ఒకటి కావు. పాత సైకిలు రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం 635 మిల్లీమీటర్లు, 700సిది 622. ఆ 13 మిల్లీమీటర్ల తేడా వల్ల ఆ టైరు దీనికి పట్టదు. ఊరి చివరి సైకిల్ షాపులో "28 ఉంది, ఎక్కించేస్తా" అన్నా అది సరిపోదు. వదులుగా ఎక్కినా నిలవదు.

ఫ్రేము ఎంచడానికి ఎత్తు కంటే కాలి పొడవు నమ్మకమైన ఆధారం. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, లావుపాటి అట్ట పుస్తకాన్ని తొడల మధ్య సీటులాగా పైకి గట్టిగా నొక్కి, పుస్తకం పై అంచు నుంచి నేలదాకా టేపుతో కొలుస్తారు. ఇది టైలరు ప్యాంటుకు తీసే లోపలి కొలత లాంటిదే, కాకపోతే రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువే వస్తుంది. అది 79 సెంటీమీటర్లనుకుందాం. పెడళ్ల మధ్య ఇరుసు నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు 79 × 0.883, అంటే దాదాపు 69.8 సెంటీమీటర్లు. ఫ్రేము కొలతకు 79 × 0.66, అంటే 52. ఈ రెండు గుణకాలూ మొదలుపెట్టడానికే. చివరి మాట తొక్కి చూశాకే.

ఇక్కడిదాకా అందరూ చెప్పేదే. చిక్కంతా సీటు నుంచి హ్యాండిలు దాకా ఉండే దూరంలో ఉంది. సీటు ఎత్తును పానా తిప్పి సరిచేసుకోవచ్చు, ఫ్రేము పొడవును ఎవరూ తగ్గించలేరు. అందుకే కంపెనీల సైట్లలో ఫ్రేము బొమ్మ కింద ఉండే పట్టికలో రెండు వరుసలు చూడాలి. ఇరుసు మధ్య నుంచి హ్యాండిలు పైపు మొదలయ్యే చోటుకు నిలువుగా ఎంత ఎత్తన్నది స్టాక్, అడ్డంగా ఎంత దూరమన్నది రీచ్. రెండు కంపెనీల సైకిళ్లు రెండూ "52" అనుకుందాం. ఒకదాని స్టాక్ 530, రీచ్ 385 మిల్లీమీటర్లు. ఇంకోదాని స్టాక్ 555, రీచ్ 372. స్టిక్కరు మీద ఒకే అంకె ఉన్నా, రెండోదాని మీద చేతులు రెండున్నర సెంటీమీటర్లు పైకీ, ఒకటిన్నర దాకా దగ్గరకూ వచ్చేస్తాయి. ఎండ్యూరెన్స్ రకమంటే ఆచరణలో ఇదే.

పెద్ద ఫ్రేము కొనేసినవాళ్లకు మొదట తెలిసేది అరచేతుల్లో. గంటకల్లా చిటికెన వేలు, దాని పక్క వేలు మొద్దుబారతాయి. తర్వాత మెడ పట్టేస్తుంది. సీటు సరిగా లేదనుకుని జెల్ కవరు కొంటారు. అది సమస్యను ఇంకోచోటికి తోస్తుంది, అంతే. హ్యాండిలును ఫ్రేముకు కలిపే స్టెమ్ అనే చిన్న ముక్కను 100 మిల్లీమీటర్లది తీసి 80ది వేస్తే కొంత నయం. అంతకన్నా పొట్టిది వేస్తే హ్యాండిలు మరీ చురుగ్గా తిరగడం మొదలవుతుంది. చిన్న ఫ్రేము వచ్చినా ఇబ్బందే, కానీ సీటు పైకి, స్టెమ్ ముందుకు జరిపి దారికి తెచ్చుకునే వీలు ఎక్కువ. రెండు కొలతల మధ్య ఊగిసలాడుతున్నవాళ్లకు ఒంటికి తగ్గట్టు సైకిలు కొలతలు కుదిర్చే ఫిట్టర్లు చాలామంది చిన్నదాన్నే సూచించడానికి కారణం ఇది.

ఎత్తు 160 సెంటీమీటర్ల లోపున్నవాళ్లకు ఇంకో మెలిక ఉంది. ఫ్రేము చిన్నదైనా చక్రం 700సియే కాబట్టి, హ్యాండిలు బాగా తిప్పినప్పుడు బూటు ముందు భాగం ముందు టైరుకు తగలొచ్చు. వేగంలో హ్యాండిలు అంత తిరగదు కాబట్టి ప్రమాదం లేదు. యూ టర్ను తీసుకునేటప్పుడు, జనంలో మెల్లగా పోయేటప్పుడు మాత్రం పడేస్తుంది. షాపులోనే పెడలు ముందుకు పెట్టి, హ్యాండిలు తిప్పి చూస్తే తేలిపోతుంది.

"21 స్పీడ్" స్టిక్కరు, మొగిలి ఘాట్ లెక్క

ముందు మూడు పళ్ల చక్రాలు, వెనక ఏడు, మొత్తం 21. ఈ గుణకారాన్నే స్టిక్కరు మీద పెద్దగా వేస్తారు. ముందు రెండు, వెనక ఎనిమిది ఉన్న సైకిలు 16 స్పీడే కాబట్టి తక్కువరకం అనుకునేవాళ్లున్నారు. అసలు చూడాల్సింది అన్నిటికన్నా తేలిక గేరెంత అని. ముందున్న చిన్న చక్రం పళ్లను వెనకున్న పెద్ద చక్రం పళ్లతో భాగిస్తే అది వస్తుంది.

వాలు అంటే ఏమిటో ముందు చూద్దాం. 100 మీటర్లు ముందుకు పోయేసరికి 6 మీటర్లు పైకెక్కితే 6 శాతం వాలు. మన ప్రాంతంలో చదును ఎక్కడ ఎంతసేపుంటుందో నమ్మలేం. చిత్తూరు 330 మీటర్ల ఎత్తు దరిదాపుల్లో ఉంటే, పలమనేరు 680 దగ్గరుంది. ఆ ఎత్తులో చెప్పుకోదగ్గ భాగం మొగిలి ఘాట్ దగ్గర వస్తుంది. చంద్రగిరి దాటి మదనపల్లె రోడ్డు పట్టుకుంటే భాకరాపేట ఘాట్ ఎదురవుతుంది. (తిరుమల ఘాట్ రోడ్లను ఇక్కడ లెక్కలోకి తేవడం లేదు. వాటికి టీటీడీ నియమాలు, వేళలు వేరు.)

6 శాతం వాలు మీద, మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలు, గంటకు 8 కిలోమీటర్ల వేగం అనుకుందాం. దీనికి కావాల్సింది 115 వాట్ల బలం. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు కూడా కొన్ని నెలల్లో అందుకోగలిగేదే. చక్రం ఒక చుట్టుకు 2.1 మీటర్లు పోతుంది. నిమిషానికి పోవాల్సిన దూరం 133 మీటర్లు.

పాతకాలపు రేసింగ్ గేరు, ముందు 39 వెనక 25: పెడలు ఒక చుట్టుకు 3.28 మీటర్లు. నిమిషానికి 41 చుట్లు.

ముందు 34, వెనక 28: చుట్టుకు 2.55 మీటర్లు. నిమిషానికి 52 చుట్లు.

ముందు 34, వెనక 34: చుట్టుకు 2.1 మీటర్లు. నిమిషానికి 63 చుట్లు.

బలం మూడింట్లోనూ ఒకటే, వేగమూ ఒకటే. మారేది ఒక్కో తొక్కుకు మోకాలు మోయాల్సిన భారం. 41 చుట్లంటే మెట్టు మెట్టుకూ బస్తా మోసినట్టు. 63 అంటే ఊపిరి ఆడుతుంది, మోకాలు మిగులుతుంది. "గేర్లున్నా మిట్ట ఎక్కట్లేదు" అన్న ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఈ భాగహారమే. ముందు 50/34 పళ్లుండే జతను కాంపాక్ట్ అంటారు. వెనక 11 నుంచి 32 లేదా 34 పళ్లదాకా ఉన్న క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల కట్ట) దానికి తోడైతే మన మిట్టలకు సరిపోతుంది. తర్వాత మార్చుకుందాంలే అనుకుంటే ఒక చిక్కుంది. చైనును పక్కకు జరిపే డిరేలర్ ఎన్ని పళ్లదాకా మోయగలదో దానికో హద్దుంటుంది. పాత రోడ్ డిరేలర్లలో చాలావాటికి అది 28. పెద్ద క్యాసెట్ వేస్తే డిరేలర్ కూడా మార్చాలి, చైను కూడా పొడుగుది కొనాలి.

గేర్లు, బ్రేకులు, వాటి లీవర్లు అన్నీ కలిపి గ్రూప్‌సెట్. ధరల్లో తేడా ఎక్కువగా వచ్చేది ఇక్కడే. ఇవి తయారుచేసే షిమానో కంపెనీ మెట్లు కింద నుంచి ఇవి: టోర్నీ వెనక 7 గేర్లు, క్లారిస్ 8, సోరా 9, టియాగ్రా 10, 105 మొన్నటిదాకా 11, ఇప్పుడు 12. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు పోతే గేర్ల మధ్య ఎడం తగ్గుతుంది, లీవరు మెత్తబడుతుంది, బరువు కాస్త తగ్గుతుంది. మిట్ట ఎక్కడం మాత్రం తేలికవదు. క్లారిస్‌లోనూ వెనక 32 పళ్లుంటే, అదే పళ్ల 105తో సమానంగానే ఎక్కుతుంది. పైగా 8 గేర్ల చైను, క్యాసెట్ అరిగిపోతే చవకలో అయిపోతుంది. 12 గేర్లవి అంతకు కొన్ని రెట్లు. 2023 నుంచి షిమానో క్యూస్ అనే కొత్త వరుసను తెస్తోంది. దాని భాగాలు పాత క్లారిస్, సోరా, టియాగ్రా భాగాలతో కలవవు కాబట్టి, సగం ఇదీ సగం అదీ వేసుకుందామంటే కుదరదు.

అడుగున ఉన్న టోర్నీకీ క్లారిస్‌కీ మధ్య మాత్రం నిజంగానే గోడ ఉంది. టోర్నీ రోడ్ లీవర్లలో ఒకవైపు గేరు మార్చడానికి బొటనవేలితో నొక్కే చిన్న మీట బ్రేకు లీవరు పక్కన, పైన ఉంటుంది. కింది కొమ్ములు పట్టుకున్నప్పుడు అది అందదు. రెండోది, 7 గేర్ల సైకిళ్లకు ఎక్కువగా వెనక చక్రానికి మర బిగించే ఫ్రీవీల్ ఉంటుంది. అందులో ఇరుసును మోసే బాల్స్ చక్రం లోపలికి జరిగి, కుడివైపు ఇరుసు చాలా దూరం ఆసరా లేకుండా వేలాడుతుంది. గుంతలో పడితే వంగేది, విరిగేది ఆ ముక్కే. 8 గేర్ల నుంచి వచ్చే ఫ్రీహబ్‌లో బాల్స్ అంచుకు జరుగుతాయి, ఈ బాధ పోతుంది. బడ్జెట్ ఒక మెట్టు పెంచగలిగితే అది ఇక్కడ పెంచినందుకే ఎక్కువ ఫలితం.

ఒక కిలో తగ్గిస్తే ఎంత మిగులుతుంది

పై 80 కిలోల ఉదాహరణే తీసుకుంటే, సైకిలు ఒక కిలో తేలికైతే మొత్తం బరువు ఎనభయ్యో వంతు తగ్గుతుంది, అంటే 1.25 శాతం. గంటసేపు ఎక్కే ఘాట్‌లో మిగిలేది 45 సెకన్లు. చదును మీద అది కూడా ఉండదు. 10.5 కిలోల సైకిలు నుంచి 9.5కు దిగడానికి ఎన్నివేలు పెడుతున్నామో ఆ 45 సెకన్ల పక్కన పెట్టుకుని చూస్తే సరి. తేలిక సైకిలు చేతికి హాయిగా ఉంటుంది, మూడో అంతస్తు మెట్లెక్కించడం సులువు. ఆ సుఖానికి డబ్బు పెట్టడంలో తప్పేమీ లేదు, దాన్ని వేగం అనుకోకుండా ఉంటే.

ఫ్రేము లోహం సంగతి కూడా ఇంతే, క్లుప్తంగా చెప్పొచ్చు. మొదటి సైకిలు ధరల్లో దొరికేది అల్యూమినియం, దానికి ముందు కార్బన్ ఫోర్కు. అది చాలు. స్టీలు బరువెక్కువ, కానీ మెత్తగా పోతుంది, దశాబ్దాలుంటుంది. పూర్తి కార్బన్ ఫ్రేము పడినప్పుడు లోపల ఎక్కడ దెబ్బతిందో పైకి కనబడకపోవచ్చు కాబట్టి, సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వచ్చిన కార్బన్ కొత్తవాళ్లకు జూదమే.

సర్కారు తుమ్మ, టైరు తీగ, వాల్వు

తిరుపతి చుట్టుపక్కల రోడ్ల అంచులు సర్కారు తుమ్మ రాజ్యం. కొమ్మలు నరికి రోడ్డు పక్కన పడేసిన వారం రోజులదాకా ఆ అంచున సన్న టైరు పోతే ఖాయంగా పంచరే. హైవేల మీద ఇంకో శత్రువుంది. పేలిపోయిన లారీ టైర్ల నుంచి రాలే ఇనుప తీగ ముక్కలు, వెంట్రుకంత సన్నవి. ఇవి టైరులో ఇరుక్కుని, కొత్త ట్యూబు వేసిన పది నిమిషాలకు దాన్నీ పొడుస్తాయి. పంచరు వేశాక టైరు లోపలి గోడను వేలితో మెల్లగా, పూర్తిగా ఒక చుట్టు తడిమి చూసేది దీనికోసమే. వేలికి తగలనిది గుడ్డ ముక్కకు చిక్కుతుంది.

పంచరు ఏ రకమో ట్యూబే చెబుతుంది. ఒక్క సన్న రంధ్రముంటే ముల్లో తీగో. పక్కపక్కనే రెండు చిన్న కోతలు, పాము కాటులా ఉంటే, గాలి తక్కువై గుంత అంచున ట్యూబు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నలిగిందని అర్థం. వాల్వు మొదలు దగ్గరే చిరిగితే పంపును అటూ ఇటూ ఊపుతూ కొట్టారన్నమాట. రంధ్రం ట్యూబు లోపలి వైపు, రిమ్ముకు ఆనే చోట ఉంటే, స్పోకుల తలలను కప్పే పట్టీ పక్కకు జరిగింది. ట్యూబుకు ఎన్ని ప్యాచీలు వేసినా ఈ చివరిది ఆగదు.

లావు టైరు మెల్లగా పోతుందని పాత నమ్మకం. గరుకు రోడ్డు మీద అది నిలవలేదు. సన్నగా, బండలా గట్టిగా ఉన్న టైరు ప్రతి గులకరాయికీ ఎగిరి, ముందుకు పోవాల్సిన బలాన్ని ఒంట్లోకి కంపనంగా పంపేస్తుంది. 70 కిలోల మనిషికి 25 మిల్లీమీటర్ల టైరులో 85 నుంచి 95 పీఎస్ఐ (పంపు మీటరు చూపే గాలి ఒత్తిడి), 28లో 70 నుంచి 80, 32లో 55 నుంచి 65 సుమారు కొలతలు. బరువును బట్టి, టైరు పక్కన అచ్చువేసిన హద్దు లోపల అటూ ఇటూ జరుపుకోవచ్చు. అందుకే కొనేటప్పుడు సైకిలుకు ఏ టైరు వేసి ఉందన్నదాని కంటే, గరిష్ఠంగా ఎంత టైరు పడుతుందన్న ప్రశ్న ఎక్కువ పనికొస్తుంది. 32 పడితే మన రోడ్లకు నిశ్చింత.

ఎండాకాలంలో ఎండకు టైరు పేలుతుందన్న భయం మరీ పెద్దది. 100 పీఎస్ఐ టైరు 20 డిగ్రీలు వేడెక్కితే అయ్యేది 108. మంచి టైరు దాన్ని గమనించను కూడా గమనించదు. పాతబడి పగుళ్లిచ్చిన టైరు సంగతి వేరు.

ఇక వాల్వు. రోడ్ బైకులకు ఎక్కువగా వచ్చేది ప్రెస్టా, పెన్సిలంత సన్నగా, కొన మీద చిన్న ఇత్తడి నట్టుతో ఉంటుంది. గాలి కొట్టే ముందు ఆ నట్టు వదులు చేసి ఒకసారి టక్కున నొక్కాలి, తర్వాత మళ్లీ బిగించాలి. పెట్రోలు బంకులోనూ, పంచర్ షాపులోనూ ఉండేది మోటారు సైకిలు వాల్వుకు పట్టే గొట్టం. ప్రెస్టా దానికి పట్టదు. గొట్టం బలవంతంగా తోస్తే లోపలి సన్న కడ్డీ వంగిపోవచ్చు, ట్యూబు గతి అంతే. యాభై, వంద రూపాయల ఇత్తడి అడాప్టరు ఒకటి వాల్వుకే బిగించి వదిలేస్తే ఏ పంచర్ షాపులోనైనా గాలి పడుతుంది. ఇంట్లో మీటరున్న నిలువు పంపు మాత్రం తప్పదు. సన్న ట్యూబులో గాలి పరిమాణం తక్కువ, ఒత్తిడి ఎక్కువ, వారం తిరిగేసరికి పంచరు లేకుండానే దిగిపోతుంది.

రిమ్ బ్రేకా, డిస్కా

రిమ్ బ్రేకులో రెండు రబ్బరు గట్టలు చక్రం అంచును పట్టుకుంటాయి. డిస్కులో ఇరుసు దగ్గరి ఇనుప పళ్లేన్ని ప్యాడ్లు నొక్కుతాయి.

రిమ్ వైపు మాట్లాడేవాళ్లకు గట్టి ఆధారాలున్నాయి. అర కిలో దాకా బరువు తక్కువ, చూడగానే అర్థమవుతుంది, కేబులూ గట్టలూ ఏ ఊళ్లోనైనా మార్చుకోవచ్చు. చక్రం విప్పి కారు డిక్కీలో వేసుకుని, తిరిగి పెట్టినప్పుడు రాపిడి చప్పుళ్లుండవు. డిస్కు వైపువాళ్లు వాన గురించి చెబుతారు. మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. తడిసిన రిమ్ము మీద గట్టలు ముందు నీటిని తుడవాలి, తర్వాతే పట్టు. ఆ లోపు సైకిలు కొన్ని మీటర్లు పోతుంది. రోడ్డు మీది ఇసుక గట్టల్లో దూరి అల్యూమినియం రిమ్మునే చెక్కేస్తుంది. ఘాట్ దిగేటప్పుడు అదేపనిగా బ్రేకు పట్టి ఉంచితే రిమ్ము కాలి, లోపలి ట్యూబు పేలే అవకాశమూ ఉంది.

డిస్కులోనూ రెండున్నాయి. కేబులుతో నడిచే మెకానికల్ డిస్కు ప్యాడ్లు అరిగే కొద్దీ లీవరు లోపలికి పోతుంది, మర తిప్పి దగ్గర చేస్తూ ఉండాలి. ఇది తెలియక "డిస్కు బ్రేకు పట్టదు" అనేవాళ్లు చాలామంది. నూనెతో నడిచే హైడ్రాలిక్ తనకుతానే సర్దుకుంటుంది, రెండు వేళ్లతో ఆగుతుంది. కానీ లోపల గాలి చేరితే దాన్ని తీయడానికి పనిముట్లు, తెలిసిన చేయి కావాలి. షిమానోవి మినరల్ ఆయిల్‌తో నడుస్తాయి. మోటారు సైకిలు బ్రేకు ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. చైనుకు స్ప్రే కొడుతూ డిస్కు మీద పడేయడం ఇంకో మామూలు పొరపాటు. ప్యాడ్లు నూనె పీల్చాక కీచుమంటాయి తప్ప ఆపవు.

రెండూ తూచి చూస్తే మన దగ్గర డిస్కు వైపు తక్కెడ మొగ్గేది బ్రేకు గురించి కూడా కాదు, టైరు గురించి. రిమ్ బ్రేకు చేతుల మధ్య 25, మహా అయితే 28 పడుతుంది. డిస్కు ఫ్రేములో 32 హాయిగా తిరుగుతుంది.

చీటీ మీద లేని ఖర్చు, బాగుచేసే చేయి

సైకిలు బిల్లు పక్కన ఇంకో 8,000 దాకా పెట్టుకోవాలి. హెల్మెట్టు, నిలువు పంపు, రెండు ట్యూబులు, టైరు లీవర్లు, జేబు పంపు, అలెన్ కీల కట్ట, ముందూ వెనకా లైట్లు, ప్యాడ్ ఉన్న నిక్కరు. ఖరీదైన రోడ్ బైకులు చాలావరకు పెడళ్లు లేకుండానే వస్తాయి. బూటుకు తగిలించుకునే రకం ఎవరికేది కావాలో కంపెనీకి తెలియదు కాబట్టి. బిల్లు కట్టాక ఇది తెలిసి తెల్లబోయినవాళ్లున్నారు.

పెట్టెలో ఇంటికొచ్చే సైకిలుకు హ్యాండిలు, ముందు చక్రం, సీటు, పెడళ్లు మనమే బిగించాలి. తప్పు జరిగేది అక్కడే. ముందు ఫోర్కు వెనక్కి తిరిగి ఉండగానే హ్యాండిలు బిగించేస్తారు. ఫోర్కు చివర వంపు ముందుకు చూడాలి, రిమ్ బ్రేకైతే అది ఫోర్కుకు ముందువైపు ఉండాలి. ఎడమ పెడలు మర తిరగబడి ఉంటుంది, కుడిదానిలా తిప్పితే క్రాంకు (పెడలు బిగించే చేయి) మరలు నలిగిపోతాయి. స్టెమ్ బోల్టులకు 5 న్యూటన్ మీటర్లు చాలు. చేతి బలం చూపిస్తే అల్యూమినియం మర పోతుంది, కార్బన్ పైపైతే పగులుతుంది.

తిరుపతి నుంచి చెన్నై 140 కిలోమీటర్ల దరిదాపు. ఎక్కువ కొలతలు, ఎక్కువ రకాలు ఉన్న చోట నాలుగైదు ఎక్కి చూసి కొనడానికి ఒక రోజు పోయినా దండగ కాదు. సర్వీసింగు కోసం ప్రతిసారీ అంత దూరం పోలేం అన్నది దానికి ఎదురు వాదన, అదీ నిజమే. మధ్యే మార్గం ఏమిటంటే, దగ్గరి మెకానిక్కు ఏది చేయగలడో ముందే అడిగి తెలుసుకుని దానికి తగ్గ భాగాలున్న సైకిలు తీసుకోవడం. చక్రం వంకర తీయడం, కేబులు మార్చడం, బాల్స్‌కు గ్రీజు పెట్టడం పాత సైకిల్ మెకానిక్కులకు వెన్నతో పెట్టిన విద్య. 32 స్పోకుల చక్రమైతే ఒకటి తెగినా ఇల్లు చేరుస్తుంది. 20, 24 స్పోకుల సోకు చక్రంలో ఒకటి తెగితే రిమ్ము అక్కడికక్కడే బ్రేకుకో ఫ్రేముకో రాసుకుంటుంది.

సెకండ్ హ్యాండ్‌లో సగం ధరకు ఒక మెట్టు పై సైకిలు దొరకడం మామూలే. చూడాల్సినవి: ఫ్రేము అతుకుల దగ్గర రంగులో వెంట్రుక గీత పగుళ్లు, ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకూ వెనక్కీ ఊపితే హ్యాండిలు దగ్గర టకటక, క్రాంకును పక్కకు లాగితే కదలిక, రిమ్ బ్రేకైతే రిమ్ము అంచు లోపలికి గుంతపడిందా అన్నది. సీటు పైపు కదలకుండా ఫ్రేములో తుప్పుతో పట్టేసి ఉంటే, ఎత్తు సరిపోకపోతే ఆ సైకిలు ఇంక పనికిరాదు. చైను అరుగుదల కొలిచే చిన్న గేజు 0.75 దాటి లోపలికి దిగితే చైనుతో పాటు క్యాసెట్ ఖర్చు కూడా బేరంలో తగ్గించి అడగొచ్చు. పెడళ్ల ఇరుసు కింద చెక్కిన ఫ్రేము నంబరు పాత బిల్లుతో కలవాలి.

కొత్తదైనా మొదటి 200, 300 కిలోమీటర్లకు గేర్లు వాటంతటవే తప్పడం మొదలెడతాయి. సైకిలు పాడవలేదు. కేబుళ్ల తొడుగులు సర్దుకుని, లోపలి తీగ వదులైంది. వెనక డిరేలర్‌లోకి కేబులు దూరే చోట వేలితో తిప్పే చిన్న పీప లాంటి మర ఉంటుంది. చైను పెద్ద చక్రం మీదికి ఎక్కనంటుంటే దాన్ని అపసవ్యంగా అర చుట్టు తిప్పడం, చిన్నదాని మీదికి దిగనంటుంటే సవ్యంగా అర చుట్టు. సగం షాపుల్లో మొదటి ఉచిత సర్వీసులో చేసేది ఇదే.